కోపెన్‌హేగన్ హోటల్‌కు మానుకోటలో అతిథి

కోపెన్‌హేగన్‌లో నేను దిగిన చిన్న హోటళ్ళలో ఎవరూ నా సూట్‌కేసు అందుకోలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు, ఎవరైనా ఎదురు వస్తారని గుమ్మంలోనే నిలబడ్డాను. లోపల చూస్తే హోటల్‌లా లేదు. ఎవరి ఇంటి ముందుగదిలోకో తొంగి చూసినట్టుంది. కౌంటరు లేదు. పొడవాటి చెక్కబల్ల ఉంది, దాని మీద పట్టపగలు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కుర్చీల మీద గొర్రెతోళ్ళు పరిచారు. అలమరలో పుస్తకాలను అట్టల రంగును బట్టి సర్దారు. చేతుల నిండా పచ్చబొట్లున్న ఒక యువకుడు సోఫాలో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. రిసెప్షన్ అంటే అతనేనని నాకు చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. అతను లేవలేదు. పక్కన చోటు చూపించాడు. బుకింగ్ కాగితంలో ఇంటిపేరు ముందు ఉండడంతో అదే నా పేరనుకుని, దాన్ని కూడా సగానికి విరిచి, చాలాకాలంగా తెలిసినవాణ్ణి పిలిచినట్టు పిలిచాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఊళ్ళో నా పేరు అదే. నేను సరిదిద్దలేదు.

అప్పట్లో హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ కంపెనీలో నా ఉద్యోగం. కలిగిన కుటుంబాలను చిన్న బృందాలుగా యూరప్ తీసుకుపోయేవాళ్ళం. వాళ్ళకు పెద్ద హోటళ్ళు మొహం మొత్తాయి. అందరూ దిగని చోటు, ఫోటోల్లో బాగా పడే చోటు కావాలనేవారు. అలాంటి చోట్లకు ముందుగా వెళ్ళి, అక్కడ పడుకుని, తిని, మన వాళ్ళకు పనికొస్తుందో లేదో రాసి పంపడం నా పని. ఓడరేవు ఒడ్డున ఒకప్పటి ధాన్యపు గోదాములను హోటళ్ళుగా మార్చారు. పాత దూలాలను అలాగే ఉంచారు. మేకులు పీకిన రంధ్రాలు కూడా పూడ్చకుండా, వాటి మీద వెలుతురు పడేట్టు దీపాలు పెట్టారు. ఒకచోట పాత మందుల దుకాణాన్ని హోటల్ చేసి, మందుల సొరుగుల్లో గదుల తాళంచెవులు పెట్టారు. గదులు చిన్నవి. గోడలు బూడిదరంగు. మంచం ఒకటే గానీ కప్పుకునే దుప్పట్లు భర్తకొకటి, భార్యకొకటి విడివిడిగా ఉంటాయి. స్నానాల గదికీ మంచానికీ మధ్య గోడకు బదులు అవతలిదంతా కనిపించే అద్దం ఉంటుంది.

మా వాళ్ళు ఆ అద్దానికి చీరలు కట్టారు. ఒక డాక్టరుగారి భార్య గదిలోకి వెళ్ళిన కాసేపటికే బయటికొచ్చి నన్ను నిలదీసింది.

"గిదేం హోటలండి? అంతంత తీసుకుంటరు, ఒక గోడ కట్టడానికి ఏం రోగం?"

మధ్యాహ్నానికల్లా మా బృందం గదులన్నింటిలోనూ చీరలు వేలాడాయి. గదులు శుభ్రం చేసే అమ్మాయి వాటిని ఫోటోలు తీసుకుని, ఈ అలంకరణ మీ ప్రాంతానిదా అని నన్ను అడిగింది. అవునన్నాను. ఇంకో బృందంలో ఒకావిడ కరెంటు కుక్కర్‌లో పప్పుకు పోపు పెడితే అలారం మోగి అందరూ వీధిలోకి వచ్చి చలిలో నిలబడ్డారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. అద్దం గదులు వద్దు, కిటికీ తెరుచుకునే గదులు ఇవ్వాలి అని రిపోర్టులో రాశాను.

ఆ హోటళ్ళు నచ్చాయా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. వాటిలో లోపం లేదు. ఆ కుర్చీల్లో మాత్రం వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం కుదరదు, మనిషిని వెనక్కి వాల్చేస్తాయి. నేను అంచున కూర్చునేవాణ్ణి.

కరోనా వచ్చిన ఏడాది కంపెనీ మూతపడింది. అమ్మ కూడా ఆ ఏడాదే పోయింది. అక్క భూపాలపల్లిలో ఉంటుంది, బావ బొగ్గుగనుల్లో పని చేసి రిటైరయ్యాడు. వాళ్ళింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి కాళేశ్వరం పోయి, అమ్మ అస్థికలు గోదావరిలో కలిపి వచ్చాం. దారిలో అక్క ఏడ్చింది. నేను కారు అద్దం దించాలా అని అడిగాను.

జనగామ దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని జనం దొరల గడి అనేవారు. మేము ఇల్లు అనేవాళ్ళం. భూములు తాత కాలంలో కొన్ని, బాపు కాలంలో మిగిలినవి పోయాయి. చివరికి ఇల్లు. కొన్నవాడు తలుపులు, దూలాలు విడదీసి అమ్ముకున్నాడు. రాళ్ళు ఎవరెవరి ప్రహరీలకో పోయాయి. విప్పుతున్న రోజు నేను అక్కడే ఉన్నాను. హాలు దూలాన్ని దించుతుంటే, పగలకుండా పట్టుకొమ్మని కూలీలను కేకేశాను. కేకేసిన తర్వాత, ఆ దూలంతో నాకింక పని లేదని గుర్తొచ్చింది. వాళ్ళు నా మాట విని జాగ్రత్తగానే దించారు.

టేకు కుర్చీలు రెండు తీసుకుని మానుకోట వచ్చాను. రైల్వేస్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ ఇక్కడ అందరూ మానుకోట అనే అంటారు. ఎరువుల దుకాణం పైన అద్దె గది నాది. పురుగుమందుల వాసన మెట్లెక్కి వస్తుంది. టికెట్లు, వీసా కాగితాలు చేసిపెడుతూ గడుపుతున్నాను.

స్టేషన్ ముందు ఆటో నడిపే అతను మా ఊరి లంబాడీ తండావాడు. నాకంటే కొంచెం చిన్న. నన్ను చూస్తే ఇంజను ఆపి, దిగి నిలబడతాడు. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొట్టి తిట్టినా నేను దాటిపోయేదాకా అంతే. పోయిన చలికాలంలో, మిరపకోతలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం అతను కూతుర్ని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. ఇద్దరూ చెప్పులు విడిచి గుమ్మం అవతలే నిలబడ్డారు.

"దొరా, బిడ్డకు ఒక నౌకరి ముచ్చట ఉన్నది. గా కోపన్‌ఏగనో ఏందో, గా దేశం మీరు జూసిండ్రట గద."

"చూసిన. అది ఊరు. దేశం వేరే."

"ఊరో దేశమో దొరా, విమానంల పోయేదంత మాకు ఒక్కతీర్గనే ఉంటది."

ఆ అమ్మాయి హన్మకొండలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. అక్కడే ఒక పెద్ద హోటల్‌లో రిసెప్షన్‌లో పని చేస్తోంది. కాలేజీ వాళ్ళ ద్వారా కోపెన్‌హేగన్‌లోని ఒక చిన్న డిజైన్ హోటల్‌లో ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. వీడియోలో ఇంటర్వ్యూ కూడా అయింది.

"అయితె మంచిదే గద. ఏమన్నరు?" అన్నాను.

ఆమె తండ్రి వైపు చూసింది.

"చెప్పు బిడ్డా. దొర ముంగట దాసుడేంది?"

"నిలబడ్డ దొరా," అంది.

"ఎక్కడ?"

"ఇంటర్వ్యూ అంతసేపు. ఫోను సజ్జ మీద పెట్టి దాని ముంగట నిలబడ్డ. మేడం కూసొమ్మన్నది. పర్లేదు మేడం అన్న. మళ్ళ కూసొమ్మన్నది. మళ్ళ పర్లేదన్న. పెద్దోళ్ళు అడుగుతుంటె కూసోబుద్ధి కాలె."

ఆ మేడం ఆ హోటల్ మేనేజరు. తర్వాత ఆమె రాసి పంపిన మెసేజ్‌ను అమ్మాయి ఫోనులో నాకు చూపించింది. మర్యాదగానే రాసింది. నువ్వు మంచి అమ్మాయివి, కానీ నిన్ను అలా చూస్తే మా అతిథులు తామేదో తప్పు చేశామనుకుని భయపడతారు, అని. వచ్చే శనివారం ఇంకొక్కసారి మాట్లాడదాం, ఆ రోజు ఎవరినైనా అతిథిగా పిలిపించుకుని, మా హోటల్‌లో ఎలా ఆహ్వానిస్తావో అలా ఆహ్వానించి చూపించు, మా దగ్గర సార్, మేడం ఉండవు, అందరినీ పేరుతోనే పిలుస్తాం, అతిథి ముందు నిలబడి ఉండం, అని. ఆ ఉద్యోగానికి ఇంకొకరు కూడా వరుసలో ఉన్నారని చివర్లో ఉంది.

"ఇది పోతే?" అని అడిగాను.

"హన్మకొండల గదే డెస్కు. పన్నెండు గంటల డ్యూటీ దొరా, కుర్చీ ఇయ్యరు. కెమెరాల చూస్తరు, గోడకు ఒరిగితె ఫోను చేసి తిడ్తరు. కాళ్ళ నరాలు ఉబ్బినయి. మా యాడి ఇన్నేండ్లు మిరపచేన్ల వంగి పనిజేసింది, ఆమెకు నడుం బోయింది. నాకు నిలబడి నిలబడి కాళ్ళు బోతున్నయి."

యాడి అంటే వాళ్ళ భాషలో తల్లి, బా అంటే తండ్రి. కూతురు మాట్లాడుతున్నంతసేపూ తండ్రి తల వంచుకుని గుమ్మం చెక్కను గోరుతో గీరుతున్నాడు.

మరుసటి రోజు నుంచి రమ్మన్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చెప్పలేను. వేరే పని లేదు.

ఆమె ఉదయం పూట వచ్చేది. శనివారం దాకా సెలవు పెట్టింది. తండ్రి తీసుకొచ్చి, ఆటో కింద పెట్టి, గుమ్మంలో నిలబడి చూసేవాడు. మొదటి పాఠం కూర్చోవడం. నేను బయటికి వెళ్ళి అతిథిలా లోపలికి రావాలి, ఆమె కుర్చీలో నుంచి లేవకుండా పలకరించాలి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే లేచి నిలబడేది. మళ్ళీ వెళ్ళి వచ్చేవాణ్ణి. మళ్ళీ లేచేది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చోమన్నాను. చేతులు కుర్చీని పట్టుకునే ఉండేవి, నడుము మాత్రం పైకి లేచేది.

"ఏంది బిడ్డా, కుర్చీల ముల్లున్నదా?" అన్నాడు తండ్రి.

"నువ్వు జర సప్పుడు చెయ్యకు బా."

"నువ్వు గూడ కూసోరాదు," అన్నాను అతనితో. "నువ్వు నిలబడి ఉంటే ఆమెకు కూసోబుద్ధి ఎట్లయితది?"

"నాది ఇంటర్వ్యూ కాదు గద దొరా," అన్నాడు.

తర్వాత సూట్‌కేసు. నేను ఖాళీ సూట్‌కేసుతో లోపలికి వస్తే ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వచ్చేది. అక్కడ సామాను పట్టుకుంటే వాళ్ళు ఒప్పుకోరని, తమ వస్తువును లాక్కుంటున్నట్టు చూస్తారని చెప్పాను. నీళ్ళ జగ్గు బల్ల మీద ఉంటుంది, వాళ్ళే పోసుకుంటారు. మెట్లు ఎటున్నాయో చూపిస్తే చాలు, వాళ్ళే మోసుకుంటారు. పొద్దున కూడా కొవ్వొత్తి వెలిగించి పెట్టాలి. చెబుతుంటే అన్నీ గుర్తున్నాయి. ఏ హోటల్‌లో దీపం ఎంత కిందికి వేలాడేదో, ఏ మెట్టు చప్పుడు చేసేదో, ముదురురంగు రొట్టె ఏ పళ్ళెంలో పెట్టేవారో గుర్తున్నాయి. అక్కడ ఉన్నప్పుడు ఇవేవీ చూసినట్టు నాకు జ్ఞాపకం లేదు.

"నీళ్ళియ్యద్దు, సంచి పట్టద్దు, లెవ్వద్దు. మరి మనం చేసుడేంది దొరా?" అని అడిగింది.

"కూసునుడు. ఇది తన ఇల్లే అని వచ్చినాయనకు అనిపియ్యాలె."

"మనం ఏం జెయ్యకుంటె ఆయన ఇల్లెట్లయితది?"

"అక్కడ అట్లనే అయితది. చూసినోణ్ణి చెప్తున్న."

మా ఇంట్లో రెండు పద్ధతులే ఉండేవి. ఊరివాళ్ళు వస్తే బాపు తలెత్తి చూసేదాకా వాకిట్లో నిలబడాలి, ముందుగా మాట్లాడకూడదు. సమానమైనవాళ్ళు వస్తే పెద్ద తలుపు దాకా ఎదురువెళ్ళి, కాళ్ళకు నీళ్ళిచ్చి, వాళ్ళు కూర్చున్నాకే మేం కూర్చోవాలి. నేను ఆమెకు చెబుతున్నది ఈ రెండింటిలో ఏదీ కాదు. అది నాకు తెలిసి ఉన్నా చెబుతూనే ఉన్నాను.

నెమ్మదిగా కూర్చోవడం వచ్చింది. చివరికి మిగిలింది పేరు. అతిథిని పేరుతో పిలవాలి. ఆమె కుర్చీలో కూర్చుని, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"మీ పేరేంది దొరా?"

గుమ్మంలో నుంచి తండ్రి ఒక్కసారిగా లోపలికి వచ్చేశాడు. అతను ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి.

"ఏయ్! దొర పేరడుగుతవా? తలకాయ తిరిగిందా నీకు?"

"మరి నాకు తెల్వది. నీకు తెలుసా?"

అతను ఆలోచించాడు. "చిన్న దొర," అన్నాడు. తరతరాలుగా మా ఇంటి దగ్గరే ఉన్న తండావాడికి కూడా నా పేరు తెలియదు. తెలియవలసిన అవసరం రాలేదు. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తాత, బాపు, అమ్మ. ముగ్గురూ లేరు. పెళ్ళి కాలేదు. ఆఫీసులో సార్ అనేవారు.

పేరు చెప్పాను. చెబుతుంటే దరఖాస్తులో ఎవరిదో పేరు చదివినట్టనిపించింది. ఆమె పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఆ తర్వాత రోజులన్నీ అంతే. కూర్చునేది, నవ్వేది, ఇంగ్లీషులో హలో అనేది, పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోయేది. ఒకసారి తలుపు వైపు తిరిగి అనమన్నాను. ఇంకోసారి కళ్ళు మూసుకుని అనమన్నాను. రాలేదు. గట్టిగా చెప్పడం నాకూ చేతకాలేదు. నన్ను పేరు పెట్టి పిలువు అని ఒక మనిషిని ఎన్నిసార్లు అడగగలం?

శుక్రవారం అక్క ఫోన్ చేసింది.

"ఏం తమ్మీ, తండా పిల్లకు ట్యూషన్ చెప్తున్నవట?"

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తేంది? మానుకోటల నువ్వు దగ్గితె భూపాలపల్లిల నాకు వినపడ్తది. ఏం నేర్పుతున్నవ్?"

"కూసునుడు."

అవతల చాలాసేపు నవ్వింది. "కూసునుడు గూడ నేర్పాల్నా? మన వాకిట్ల మంది నిలబడుడు నేర్చుకుండ్రు. నువ్వు కూసునుడు నేర్పు. బాపు ఉంటె ఇది విని మంచం దిగకపోవు. ఏ కుర్చీల కూసోబెడ్తున్నవ్?"

"ఉన్నవి రెండే."

నవ్వు ఆగింది. "బాపు కుర్చీలనా?"

"అవి ఇప్పుడు నా కుర్చీలక్కా."

ఆమె ఇంకేదో అనబోయి, మందులు వేసుకుంటున్నావా అని అడిగి పెట్టేసింది.

శనివారం ఇంటర్వ్యూ మధ్యాహ్నం. అక్కడ అప్పుడు పొద్దున. తండ్రి కొబ్బరికాయ తెచ్చాడు.

"ల్యాప్‌టాప్ ముంగట కొట్టుదామా దొరా?"

"బా, నీళ్ళు పడ్తె ఖరాబైతది," అని అమ్మాయి కాయ లాక్కుని కిటికీలో పెట్టింది. తలుపూ, ఎదురెదురుగా ఉన్న రెండు కుర్చీలూ కనిపించేట్టు ల్యాప్‌టాప్ సర్దింది. నీళ్ళ జగ్గు, గ్లాసు బల్ల మీద పెట్టింది. కొవ్వొత్తి వెలిగించింది. ఫ్యాన్ గాలికి అది ఆరిపోతే ఫ్యాన్ ఆపేసింది.

నేను సూట్‌కేసు పట్టుకుని బయట మెట్ల మలుపులో నిలబడ్డాను. తండ్రి నా పక్కన ఒక మెట్టు కింద.

"సంచి నేను పట్టుకోనా దొరా?" అని గుసగుసగా అడిగాడు.

"వద్దు. ఇయ్యాల ఎవరూ పట్టుకోవద్దు."

"బరువుంటది గద."

"ఖాళీది."

"ఖాళీదైతె ఇంక మంచిగ పట్టుకుంట."

లోపల ఇంగ్లీషులో మాటలు వినిపిస్తున్నాయి. ఈసారి నువ్వు కూర్చుని ఉన్నావు, బాగుంది, అని మేనేజరు నవ్వుతోంది. సగం తెరిచిన తలుపులో నుంచి తెర నాకు కొంచెం కనిపించింది. పొట్టి జుట్టు మనిషి. హోటల్ మెట్ల మీద కూర్చుని కప్పు పట్టుకుని ఉంది. వెనక బూడిదరంగు గోడ, కిందికి దిగి వేలాడే దీపం. నీ అతిథి వచ్చాడా, రమ్మను, అంది.

నేను తలుపు తోసి గుమ్మంలోకి వచ్చాను.

అప్పుడు నా పేరు వినిపించింది. సార్ లేదు, గారు లేదు, దొర లేదు. పేరు ఒక్కటే, చివర కొంచెం సాగదీసి, లోపలి గదిలో నుంచి అన్నానికి పిలిచినట్టు. నేను పక్కకు జరిగాను. వెనక వస్తున్న మనిషికి దారి ఇచ్చాను. అతనికి తగలకుండా సూట్‌కేసును కూడా గోడవైపు లాక్కున్నాను. ఎవరూ లోపలికి పోలేదు. వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద ఆటో అతను ఒక్కడే ఉన్నాడు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

తెర మీద మేనేజరు కదలడం లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. అమ్మాయి చేతులు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి, నడుము లేవబోవడం నాకు కనిపించింది. అది లేస్తే అంతా అయిపోయినట్టే. ఏదైనా చెయ్యాలని తెలుసు. కాళ్ళు గోడ పక్కనే ఉండిపోయాయి.

ఆమె లేవలేదు. వెనక్కి ఆనుకుంది.

"మీ వెనక ఎవరూ లేరు," అంది ఇంగ్లీషులో, తొందర లేకుండా. "మిమ్మల్నే." మళ్ళీ పేరు చెప్పింది. "చాలా దూరం నుంచి వచ్చారు. సంచి అక్కడే పెట్టి వచ్చి కూర్చోండి. ఈ కుర్చీ మీ కోసమే ఉంచాను."

వెళ్ళి కూర్చున్నాను.

"నీళ్ళు అక్కడున్నాయి, పోసుకోండి. గది సంగతి తర్వాత చూద్దాం. తొందరేం లేదు."

నీళ్ళు పోసుకుని తాగాను. తాగుతున్నంతసేపూ ఆమె ఏమీ మాట్లాడలేదు. దాన్ని నేను నేర్పలేదు.

మేనేజరు కప్పు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. "నీ అతిథి ఎంత బాగా నటించాడు! రోజంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు సరిగ్గా ఇలాగే ఉంటారు. పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుంటారు. నువ్వు కంగారుపడి లేస్తావని చూస్తున్నాను." తర్వాత నన్ను అడిగింది. "మీరు నాటకాల్లో వేస్తారా?"

"లేదు," అన్నాను.

"మా ఊరు ఎప్పుడైనా చూశారా?"

"చాలాసార్లు. మీ స్నానాల గదులకు గోడలుండవు. మా వాళ్ళు ఆ అద్దాలకు చీరలు కట్టారు."

ఆమె పడిపడి నవ్వింది. తమ హోటల్‌లోనూ ఆ అద్దాలున్నాయనీ, ఈ అమ్మాయి వచ్చేటప్పుడు ఒక చీర తెమ్మంటాననీ అంది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, వేసవి రద్దీ మొదలయ్యేలోపు రాగలవా, కాగితాలు సోమవారం పంపిస్తాం, అని అడిగింది. అమ్మాయి వస్తానంది. కూర్చునే చెప్పింది. కూర్చునే చెయ్యి ఊపింది. తెర నల్లబడిన తర్వాత లేచి నిలబడింది. నిలబడి, చున్నీతో మొహం తుడుచుకుని, ఫ్యాన్ వేసింది. కొవ్వొత్తి ఆరిపోయింది.

"దొరా, మస్తు చేసిండ్రు," అంది. "మీరు పక్కకు జరిగేసరికి నాకు నిజంగనే ఇంకెవరో వస్తుండ్రనిపిచ్చింది."

"నేనేం చెయ్యలే."

"మరి వినపడలేదా?"

"వినపడ్డది. నన్ను అనుకోలే."

ఆమె నా మొహం చూసింది. "ఎవరిననుకున్నరు?"

"తెల్వదు," అన్నాను. నిజంగానే తెలియదు. ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ గుమ్మంలో నేను ఎవరికి దారి ఇచ్చానో ఇప్పటికీ తెలియదు.

తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. ఉద్యోగం వచ్చిందన్న సంగతి అతనికి మా ఇద్దరి మొహాలు చూస్తే తెలియలేదు.

"అయ్యిందా, పోయిందా?"

"అయ్యింది బా."

అతను కూతురి తల మీద చెయ్యి పెట్టి, తీసి, నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "దొరా, పిల్ల పేరు వెట్టి పిలిచింది. నౌకరి కోసమని పిలిచింది. మనసుల వెట్టుకోకుండ్రి."

"ఆమె పని ఆమె చేసింది," అన్నాను.

ఆమె నీళ్ళ గ్లాసు కడిగి బోర్లించింది. కొబ్బరికాయ తండ్రి చేతికిచ్చింది. గుమ్మం దాటి చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి, "పోయొస్త దొరా," అంది. నేను తల ఊపాను.

మెట్లు దిగుతూ వాళ్ళు తమ భాషలో మాట్లాడుకున్నారు. లంబాడీ నాకు రాదు. వాళ్ళ తండా మా ఇంటి మిద్దె మీదికి కనిపించేంత దగ్గరున్నా ఒక్క మాట నేర్చుకోలేదు. ఆమె ఏదో గబగబా చెబుతోంది. మధ్యలో ఒకచోట నా పేరు వచ్చింది. తండ్రి ఉష్ అన్నాడు. ఆమె ఆగలేదు, ఇంకా కింది మెట్ల మీద మళ్ళీ ఆ పేరు అంది. నేను పక్కకు జరగడాన్ని చేసి చూపించినట్టుంది, ఈసారి తండ్రి కూడా నవ్వాడు. ఆటో చప్పుడు దూరమయ్యేదాకా కుర్చీలో కూర్చుని విన్నాను.